చూసినవాళ్ళ మైకు

వేలి కణుపుతో మైకును రెండుసార్లు తట్టి, అది బతికే ఉందని రూఢి చేసుకున్నాక ఆమె మొదటి లాంచీ సంగతి చెప్పింది. లాంచీ వేళకే బయలుదేరుతుంది. ఎదురుగాలి ఉంది కాబట్టి అవతలి ఒడ్డు చేరేసరికి కాస్త ఆలస్యం కావచ్చు. పై అంతస్తులో నేల తడిగా ఉంది, చూసుకుని నడవండి. అంతవరకూ ఉద్యోగం. ఆ తర్వాత కుర్చీ పక్కకు జరుపుకుని, కిటికీ బయట కాచుకుని ఉన్న పాలవాణ్ణి చేత్తో పిలిచింది. అతను లోపలికొచ్చి, సంత వీధి మలుపులో మురుగుకాలవ మూత విరిగిందనీ, తను చూశాననీ, తన సైకిలు ముందు చక్రం అందులో దిగబడిందనీ మైకులో చెప్పాడు. చక్రం సంగతి ఊరికి అక్కర్లేదు గానీ, అది చెప్పకపోతే పాలవాడికి తిన్నది అరగదని ఆమెకు తెలుసు.

రేవు వార్తలంటే ఇవే. పత్రికలవాళ్ళు ఈ ఊరికి ఎన్నికలప్పుడూ వరదలప్పుడూ తప్ప రారు. వచ్చినా బూట్లు తడవకుండా వెళ్ళిపోతారు. అందుకని రేవులో టికెట్లిచ్చే ఆవిడే ఊరికి పత్రికై కూర్చుంది. ఆమె మైకులో చెప్పించినదాన్ని లాంచీ కోసం నిలబడ్డవాళ్ళు ఫోన్లలో పట్టి ఇళ్ళకు పంపిస్తారు, ఇళ్ళవాళ్ళు చుట్టాలకు పంపిస్తారు. ఏ వీధికి నీళ్ళు రాలేదో, ఏ బడి పైకప్పు కారుతోందో, ఆసుపత్రిలో ఏ మందు నిండుకుందో పొద్దెక్కేలోపే రెండు ఒడ్లకీ తెలిసిపోతుంది. తెలిశాక కొన్ని బాగుపడతాయి, కొన్ని పడవు. ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ అది జీతం పుచ్చుకునే రోజునే పనికొస్తుంది. మిగతా రోజుల్లో అందరికీ మైకత్తే.

మనిషి పొట్టి. జుట్టు పూర్తిగా నెరిసింది. టికెట్లు చింపీ చింపీ కుడిచేతి బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయింది. మోకాళ్ళు మాట వినవు కాబట్టి కూర్చున్న చోటునుంచే ఊరంతా తిరిగొస్తుంది. టికెట్ గది కూడా ఆమెకు సరిపడా ఉంటుంది: ఒక బల్ల, ఒక కుర్చీ, ఇనప చువ్వల కిటికీ, నాచు పట్టిన గోడ. ఆ గోడమీద, అన్ని ప్రభుత్వపు గోడల మీదా ఉన్నట్టే, 'సత్యం, సమానత్వం, సోదరభావం' అని నీలిరంగులో రాసి ఉంటుంది. వానాకాలంలో చెమ్మకు అక్షరాలు ఉబ్బితే ఆమె పొడిగుడ్డతో ఒత్తుతుంది. వాటికి కావలసిన సేవ అంతకంటే ఎవరూ చెయ్యరు.

ఆమెకు ఒక్కటే పట్టింపు. వార్త తెచ్చినవాళ్ళు తామే మైకు ముందు నిలబడి, తామెవరో చెప్పి, "నేను చూశాను" అనాలి. ఎవరో అనుకుంటుంటే విన్నామని వస్తే, ఆ అనుకున్నవాణ్ణి తీసుకురమ్మంటుంది. వాడూ ఇంకెవరి దగ్గరో విన్నానంటే టీ తాగి పొమ్మంటుంది. ఈ పట్టింపు మూలాన రేవు వార్తలు ఎప్పుడూ ఒక పూట ఆలస్యం. ఊళ్ళో కుర్రకారు దీనిమీద చాలా హాస్యాలాడతారు. మైకత్త సూర్యుడు ఉదయించాడని చెప్పేసరికి పొద్దు గుంకుతుందంటారు.

దానికో కారణం లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త ఈ లాంచీనే నడిపే సరంగు. ఒక పొగమంచు ఉదయం లాంచీ తిరిగి రాలేదు. అప్పటి గుమాస్తా ఎవరో అంటే విని, లాంచీ మునిగిపోయిందని మైకులో చెప్పేశాడు. భర్తకు క్యారేజీ పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్న ఆమె ఆ మాట విని, ఉన్నచోటే కూలబడి, మధ్యాహ్నం దాకా విధవగా ఉంది. మంచు విడిపోయాక ఇసుకమేట మీదినుంచి కదిలి లాంచీ వచ్చింది. భర్త దిగి, ఎందుకిలా అందరూ ఏడుస్తున్నారని ఆమెనే అడిగాడు. ఆ తర్వాత అతను చాలా ఏళ్ళు బతికి, జ్వరంతో మంచంలో పోయాడు. పోయేముందు కూడా, "నాకిది కొత్త కాదులే" అని ఆమెను నవ్వించబోయాడు. అతని తరవాత ఆమెకు టికెట్ గది ఇచ్చారు. మైకు దానితోపాటే వచ్చింది.

ఆ ఉదయం పాలవాడు మాట్లాడుతుంటే జనం వినడంలేదు. అందరూ తలలు వంచి ఫోన్లలో ఒక్కటే వీడియో బొమ్మ చూస్తున్నారు. మైకత్త దాన్ని ముందురోజే చూసింది. జాతీయ దినం దగ్గరపడుతోందని లాంచీ నెత్తిన జెండా కట్టారు. బొమ్మలో వాన పడుతోంది. ఒక మనిషి చొక్కా లేకుండా లాంచీ పైకప్పు మీద ఉన్నాడు. జెండాను ముద్దచేసి చంకలో ఇరికించుకుని, కిందికి దిగి, ఇంజను గదిలోకి పోతున్నాడు. అంతే, ఇంకేం లేదు. దాని కింద ఎవరో పెద్ద అక్షరాలతో దేశద్రోహి అని రాశారు. అది రెండు ఒడ్లూ దాటి, నగరం దాకా పోయి, టీవీలో కూడా తిరిగి వచ్చింది.

ఆ మనిషి ఆమె తమ్ముడు. లాంచీలు కడగడం అతని పని. చిన్నప్పటినుంచీ మాట పొదుపు. ఆకలేసినా గిన్నె చూపించేవాడు గానీ అడిగేవాడు కాదు. అందరూ అడగ్గా అడగ్గా, తాడు తెగిపోయింది, జెండా ఏట్లో పడుతుందని దించానన్నాడు. తాడు చూపిద్దామంటే, మర్నాడు పొద్దున్నే కొత్త తాడు కట్టినవాళ్ళు పాతది అప్పటికే ఏట్లో పారేశారు. చొక్కా ఏదంటే నేలచూపులు చూశాడు. అప్పటికి లాంచీ రేవు దగ్గరకు వస్తోంది. వానకు ప్రయాణికులంతా లోపల దూరారు, సరంగు కళ్ళు ఏటి మీద ఉన్నాయి, ఇంజనువాడు అడుగున ఉన్నాడు. చూశామనేవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఎవరు తీశారో తెలియని ఆ బొమ్మ ఒక్కటే.

పాలవాడు వెళ్ళాక ఆమె తమ్ముణ్ణి లోపలికి పిలిచి మైకు ముందు నిలబెట్టింది. అతను తడిచేతులు పంట్లాముకు తుడుచుకుని, "తాడు తెగింది. దించాను. తడవకుండా చుట్టాను," అన్నాడు. కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. దొంగ ఎక్కడైనా దొంగతనం ఒప్పుకుంటాడా అని ఇంకెవరో అన్నారు. అతను బయటికి వచ్చి, బకెట్టు తీసుకుని లాంచీవైపు వెళ్ళిపోయాడు. జనం అతనికి తోవ ఇచ్చారు గానీ అది మర్యాదతో కాదు.

అప్పుడు ఆమె మైకులో ఇంకో మాట చెప్పింది. వాన పడ్డ సాయంత్రం లాంచీలో ఉన్నవాళ్ళెవరైనా జెండా దించడం మొదటినుంచీ చూసి ఉంటే వచ్చి చెప్పమంది. మంచైనా సరే, చెడైనా సరే, చూసింది చూసినట్టు చెబితే చాలంది. టికెట్లిస్తూ ప్రతి లాంచీకీ ఆ మాటే చెప్పింది. అందరూ విన్నారు, ఎవరూ రాలేదు.

ఇవతలి ఒడ్డు హాస్టల్లో ఉండి నర్సు చదువు చదివే అమ్మాయి ఒకతె రోజూ మొదటి లాంచీకే అవతలి ఆసుపత్రికి వెళుతుంది. ఆ పూట టికెట్ తీసుకుని కూడా కిటికీ దగ్గరే నిలబడింది. వెనకాల మనుషులు గొణుగుతున్నారు. చిల్లర సరిపోలేదా అమ్మా అని మైకత్త అడిగింది. సరిపోయిందత్తా అని, తెల్ల కోటు చేతిమీద మడత పెట్టుకుని, ఆ అమ్మాయి లాంచీ ఎక్కేసింది.

టీ కొట్టాయన గ్లాసు బల్లమీద పెడుతూ, నిప్పు లేనిదే పొగ రాదంటారు మరి అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇరవై మంది ఒక మాటంటే ఇరవై ఒకటోవాడు తనే అవుతాడు, అంతే. పొగబెట్టేవాళ్ళు కూడా ఉంటారుగా అని మైకత్త టీ తాగింది. టీలో ఆ రోజు పంచదార తక్కువైంది. అదీ ఆమె గమనించింది.

మధ్యాహ్నం రేవు అధికారి వచ్చాడు. చదువుకున్నవాడు, మెత్తనివాడు, ఫోను మోగితే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. కుర్చీ ఇస్తే వద్దని, గోడ మీద నీలి అక్షరాల కింద నిలబడ్డాడు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయట. సాయంత్రం ఆఖరి లాంచీ వేళకు ఏదో ఒకటి తేల్చాలట. తేల్చడమంటే ఉద్యోగం తీసెయ్యడం, ఆ పైన కేసు. ఊరి కుర్రాళ్ళు ఊరేగింపుగా రేవుకు వస్తారని కూడా అంటున్నారట. అతని పెద్దరికంలో ఎంత భయం ఉందో, తన తమ్ముడి మౌనంలో కూడా అంతే భయం ఉందని ఆమెకు అనిపించింది.

"అమ్మా, ఒక్క మాట చెప్పండి," అన్నాడు చివరికి. "మీరు చూశానని మైకులో చెప్పండి. మీ కిటికీలోంచి లాంచీ కనబడుతుంది కదా. మీరంటే జనం నమ్ముతారు. నేను పైకి అదే చెప్పుకుంటాను. మీ తమ్ముడు బయటపడతాడు."

ఇది ఆమె ఎదురుచూడలేదు. నోరు మూసుకోమంటాడేమో, మైకు తీసేస్తానంటాడేమో అనుకుంది. వాటికి జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. కిటికీలోంచి చూసింది. నిజమే, లాంచీ నెత్తి కనబడుతుంది. ఆ సాయంత్రం మాత్రం జల్లు కొడుతోందని ఆమె కిటికీ రెక్క వేసుకుని ఉంది. రెక్క వేసి ఉందని ఎవరికి తెలుసు. ఒక్క అబద్ధం. అది కూడా నిజాన్ని కాపాడ్డానికే. తమ్ముడు తప్పు చెయ్యలేదని ఆమెకు ఎంత గట్టిగా తెలుసంటే, చూసినట్టే ఉంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

ఆలోచించుకుని చెబుతానంది. ఆఖరి లాంచీ వేళకల్లా చెప్పాలంటూ అతను వెళ్ళిపోయాడు.

క్యారేజీ తెచ్చి ఇవ్వడానికి తమ్ముడు వచ్చినప్పుడు ఆమె ఆ సంగతి దాచలేదు. అతను నేలమీద కూర్చుని, విని, చేతులు చూసుకున్నాడు. సబ్బునీళ్ళకు నాని తెల్లబడి, పగిలిన చేతులు. తల్లి పోయినప్పుడు వీడికి అన్నం పెట్టింది తనే. బడి మానేసి తనతో రేవుకు వస్తానంటే తన్నిందీ తనే, ఆ తర్వాత లాంచీలు కడిగే పనికి పెట్టించిందీ తనే.

"చెప్పక్కా," అన్నాడు. "నేను నాకోసం నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు."

"చూళ్ళేదురా."

"నువ్వు కూడా నమ్మవా?"

"నమ్ముతాను. చూళ్ళేదు. కంచె వేసింది నేనే, నేనే చేను మేస్తే రేపు ఎవడికి అడ్డం నిలబడను? వాడెవడో చూడనిది చూసినట్టు రాశాడనే కదరా నీకీ గతి."

అతను లేచాడు. కోపం వస్తే అరిచే మనిషి కాదు. క్యారేజీ మూత గట్టిగా బిగించాడు, అంతే. అతను గుమ్మం దాటాక ఆమె అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. తమ్ముడికి అన్యాయం చేస్తున్నానేమోనని ఆమెకు నిజంగా భయమేసింది. దేశం గురించి గొప్ప గొప్ప మాటలు ఆమెకు రావు. దేశమంటే తన లెక్కలో ఈ రేవులో పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఎక్కీ దిగే మనుషులే. వీళ్ళలో ఒకరి మాట ఒకరు నమ్మి పడవెక్కగలిగితే చాలు, జెండా దానంతటదే ఎగురుతుందని ఆమె అనుకునేది. ఇప్పుడు ఆ నమ్మకాన్ని కాపాడాలంటే సొంత తమ్ముణ్ణి ఏట్లో తోసినంత పని చెయ్యాల్సి వస్తోంది. ఆ రోజు క్యారేజీ మూత తియ్యలేదు.

సాయంత్రం అవతలినుంచి వచ్చిన లాంచీలో నర్సమ్మాయి దిగింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, కిటికీ దగ్గరకు కాకుండా తిన్నగా గది తలుపు దగ్గరకు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఏడ్చినట్టు కూడా ఉంది. మైకత్త తన కుర్చీ ఇచ్చి, తను బల్లకు ఆనుకుని నిలబడింది.

ఆ బొమ్మ తీసింది తనేనని ఆ అమ్మాయి చెప్పింది. వాన బాగుందని పై అంతస్తులో ఒక్కతే నిలబడి తీస్తోందట. తాడు ఫట్‌మని తెగి, కొరడాలా వచ్చి పక్కనున్న చువ్వకు తగిలిందట. తను కెవ్వున అరిచిందట. ఆ అరుపు తనకే వినడానికి అసహ్యంగా ఉండి, స్నేహితులకు పంపేటప్పుడు ముందు భాగం కోసేసి, మిగిలింది పంపిందట. తాడు తెగితే ఇతను జెండాను ఎలా కాపాడాడో చూడండర్రా, చొక్కా కూడా తడుపుకున్నాడు పాపం అని కింద రాసి మరీ పంపిందట. ఆ మాటలు ఎవరో తీసేసి వేరేవి పెట్టారు.

"నా అరుపు విని నవ్వుతారని కోశానత్తా. ఇంకేం అనుకోలేదు."

ఫోను తీసి మొత్తం చూపించింది. తాడు తెగింది, అరుపు వినబడింది, జెండా తిరగబడి పొగగొట్టం మీదికి ఒరిగింది. తమ్ముడు చువ్వలు పట్టుకుని పైకెక్కాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో చొక్కా విప్పి, జెండాను అందులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకున్నాడు. మైకత్త రెండోసారి చూపించమనలేదు. ఒక్కసారికే కళ్ళద్దాలు మసకబారాయి.

ఇది మీ ఫోనుకు పంపించి వెళ్ళిపోతానంది ఆ అమ్మాయి. తన పేరు మాత్రం రానివ్వద్దంది. హాస్టల్లో ఉండాలి, చదువు పూర్తి కావాలి, ఇదంతా తనవల్లే జరిగిందని తెలిస్తే ఊరుకోరు. ఆ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. మైకత్త ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"పంపించి పోతానంటే పోమ్మా, నేను తప్పు పట్టను. కాని రేపు దీన్ని కూడా కోసి అతికించారంటారు. బొమ్మనైతే ఎవరైనా కోస్తారు. మనిషి నిలబడి చెబితే కొయ్యలేరు."

అంతకంటే బతిమాలలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నా కూర్చోలేదు. బయట ఊరేగింపు వచ్చేసింది. పెద్దదేం కాదు, వీధిలో క్రికెట్ ఆడే కుర్రాళ్ళే, చేతుల్లో చిన్న చిన్న కాగితం జెండాలు. రేవు అధికారి గొడుగు కర్రలా పట్టుకుని వాళ్ళకెదురుగా నిలబడ్డాడు. తమ్ముడు లాంచీ అంచున కూర్చుని అటే చూస్తున్నాడు. ఆఖరి లాంచీ కూత వేసింది.

నర్సమ్మాయి లేచింది. బయటికి వెళుతుందనుకుంది మైకత్త. ఆ అమ్మాయి బల్ల ఇటువైపుకు వచ్చి, మైకు వంక చూసి, దీన్నెక్కడ నొక్కాలత్తా అని అడిగింది.

మొదటి మాటలు ఎవరికీ వినబడలేదు. ఏటి గాలి కిటికీలోంచి తిన్నగా మైకులోకి కొట్టి, లౌడ్‌స్పీకరు భుర్రున మోగింది. మైకత్త తన అరచేతులు రెండూ దానికి అడ్డం పెట్టి, మళ్ళీ చెప్పమంది. ఆ అమ్మాయి తనెవరో, ఏం చదువుతోందో చెప్పింది. నేను చూశానంది. నేనే తీశాను, నేనే కోశానంది. ఎందుకు కోసిందో కూడా చెప్పింది. చెప్పి, ఫోను మైకు దగ్గర పెట్టి, తాడు తెగిన చప్పుడూ తన అరుపూ ఊరందరికీ వినిపించింది. నిజంగానే చాలా గట్టి అరుపు. గుంపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఆ నవ్వులో మాత్రం విషం లేదు.

అంతటితో లోకం మారిపోయిందనుకోకూడదు. కుర్రాళ్ళు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఫోన్లు జేబుల్లో పెట్టుకుని, ఆకలేస్తోందని ఇళ్ళకు పోయారు. ఆ పాత బొమ్మ ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. కాని రేవు అధికారి పైకి ఫోను చేసి, ఈసారి కూర్చునే మాట్లాడాడు. తాడు మార్చమని లాంచీవాళ్ళు ముందే అడిగినా మార్చనిది మేమేనని చెప్పడం కొందరు విన్నారు. ఒక కుర్రాడు మాత్రం వెనక్కి వచ్చి, పైకప్పు మీద చువ్వ వంగి ఉందని, తను ఇప్పుడే చూశానని, రేపు మైకులో చెప్పొచ్చా అని మైకత్తను అడిగాడు. పొద్దున్నే రమ్మంది. టీ కొట్టాయన లాంచీ దాకా నడిచి వెళ్ళి, తమ్ముడికి గ్లాసు అందించి తిరిగొచ్చాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు తమ్ముడు అక్క చేతిలోని క్యారేజీ తీసుకుని, అది బరువుగా ఉండడం చూసి, ఆమెవైపు ఒకసారి చూశాడు. అంతవరకే. మర్నాడు తెల్లవారి అందరికంటే ముందు టికెట్ గదికి వచ్చాడు. తన ఊలు స్వెటర్ చెయ్యి ఒకటి మోచేతి దాకా కత్తిరించుకొచ్చి, మైకుకు తొడిగి, కింద దారంతో బిగించి కట్టాడు. ఇక గాలి మోగదని చెప్పి, ఒంటిచేతి స్వెటర్‌తోనే లాంచీ కడగడానికి పోయాడు. ఆ చలికాలమంతా దాన్నే వేసుకుని తిరిగాడు. ఎందుకలా అని అడిగినవాళ్ళకు మైకు వైపు చూపించేవాడు.

ఆ చలికాలం చివర్లో ఒక ఉదయం మొదటి లాంచీ వేళకు టికెట్ గది తలుపు తీసింది తమ్ముడు. అతను మైకును రెండుసార్లు తట్టి, తనెవరో చెప్పాడు. "మా అక్క నిద్రలోనే పోయింది. నేను చూశాను," అన్నాడు. ఎలా పోయింది, ఎప్పుడు పోయిందని ఎవరూ ఒకరినొకరు అడగలేదు. ఆ పూట రెండు ఒడ్ల మధ్యా లాంచీ కూత వెయ్యకుండా నడిచింది.

టికెట్ గదిలోకి ఇప్పుడు వేరే మనిషి వచ్చాడు. టికెట్లు బాగానే ఇస్తాడు, చిల్లర విషయంలో కాస్త చిరాకు మనిషి. మైకు జోలికి మాత్రం పోడు. లాంచీ వేళ చెప్పేసి కుర్చీ పక్కకు జరుపుతాడు. మనుషులు వస్తూనే ఉన్నారు. పాలవాడు వస్తాడు, బడి పంతులమ్మ వస్తుంది, చదువు పూర్తిచేసి అవతలి ఆసుపత్రిలోనే పనిలో చేరిన నర్సమ్మ నెలకోసారి మందుల సంగతి చెప్పడానికి వస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో ఎత్తు, ఒక్కో గొంతు; అందరూ వంగి ఆ ఊలు తొడుగుకే చెబుతారు. ఎందరి ఊపిరో తగిలి తగిలి దాని పైభాగం కాస్త నల్లబడి, మెత్తబడి, మూతి తగిలే చోట ఒక చిన్న గుంట పడింది.